క్లౌడ్ చాంబర్ డైరీ: సూర్యుడి మొదటి మెట్టు మన టేబుల్ మీద

ప్రాజెక్టు ఏంటంటే, ఇంట్లోనే ఒక క్లౌడ్ చాంబర్ కట్టాలి. కంటికి కనిపించని కణాలు పోయిన దారి తెల్ల గీతలుగా కనిపించే గాజు డబ్బా అన్నమాట. దాని పక్కనే సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా ఎలా మారుతుందో చూపించే ఎల్‌ఈడీ బోర్డు ఒకటి. ఫిబ్రవరి 28 సైన్స్ డే నాటికి రెండూ మా మౌలాలి కాలనీ పిల్లల ముందు పెట్టాలి.

ఇది మొదలైంది తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలి ప్రశ్నతో. "మామా, సూర్యుడిలో అయ్యేది హైడ్రోజన్ బాంబులో అయ్యేదే అంటారు కదా, మరి సూర్యుడు ఒక్కసారే ఎందుకు పేలిపోడు?" గురుత్వాకర్షణ గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి అని చెప్పేసి ఊరుకోవచ్చు. అది నిజమే, కానీ సగం జవాబే. చెదిరిపోకుండా ఎందుకు ఉన్నాడో అది చెబుతుంది, 460 కోట్ల ఏళ్ళుగా ఇంత నిదానంగా ఎందుకు మండుతున్నాడో చెప్పదు. ఆ నిదానం అంతా ఒక్క మెట్టులో ఉంది, హైడ్రోజన్ నుంచి హీలియం దాకా వెళ్ళే దారిలో మొట్టమొదటి మెట్టులో. అది దాటాలంటే ప్రకృతిలో రెండు వింతలు ఒకేసారి జరగాలి, ఆ రెండు వింతల ఆనవాళ్ళూ క్లౌడ్ చాంబర్‌లో కంటితో చూడొచ్చు. అందుకే డబ్బా, బోర్డు పక్కపక్కన ఉండాలని పట్టుబట్టా.

ముందు పాత్రధారులు

బోర్డు మీద రాయడానికి మేనకోడలితోనే చార్టు వేయించా. ప్రోటాన్: ధనావేశం, బరువు 938.27 ఎంఈవీ (కణాల బరువును శక్తి లెక్కల్లో చెప్పే కొలత ఇది, ఎలక్ట్రాన్ బరువు ఈ కొలతలో 0.511). న్యూట్రాన్: ఆవేశం లేదు, బరువు 939.57. అంటే ప్రోటాన్ కన్నా 1.29 ఎక్కువ. చూడ్డానికి చిన్న తేడానే గానీ ప్రపంచం ఇలా ఉండటానికి అదే ఆధారం. న్యూట్రాన్ బరువెక్కువ కాబట్టి అది ఒంటరిగా ఉంటే సగటున పావుగంట కూడా బతకదు, ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, ఒక యాంటీన్యూట్రినోగా (న్యూట్రినో జాతి కణం, ఆవేశం లేనిది, దాదాపు దేన్నీ తాకనిది) విడిపోతుంది. ప్రోటాన్ ఒంటరిగా ఉంటే అలా ఏదీ జరగదు, కలకాలం ప్రోటాన్‌గానే ఉంటుంది. ఈ తేడా తిరగబడి ఉంటే హైడ్రోజనే మిగిలేది కాదు, మనమూ ఉండేవాళ్ళం కాదు.

ఎలక్ట్రాన్‌ని 1897లో థామ్సన్ పట్టుకున్నాడు. ప్రోటాన్‌ని మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో రూథర్‌ఫర్డ్ గుర్తించాడు. న్యూట్రాన్ దొరకడానికి 1932 దాకా పట్టింది, చాడ్విక్ చేతికి. ఆవేశం లేకపోతే దారిలో ఏ ఆనవాలూ మిగలదు కదా, అందుకే అంత ఆలస్యం. న్యూట్రినో సంగతి ఇంకా మొండిది: 1930లో పౌలీ ఊహించాడు, 1956లో గానీ దొరకలేదు.

కోఠి, గుజరాతీ గల్లీ

డబ్బా అడుగు కనీసం మైనస్ 26 డిగ్రీలకు చల్లబడాలి. పైన ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ గది వేడిమి దగ్గరే ఉంటుంది. దాన్నుంచి ఆవిరి కిందికి దిగుతూ చల్లబడి, అడుగుకు కాస్త పైన ఒక సన్న పొరలో బిందువు కావడానికి సిద్ధంగా ఉండి, కుదురుకోవడానికి ఏదైనా ఆసరా కోసం ఆగి ఉంటుంది. అప్పుడు ఆవేశమున్న కణం ఒకటి అటుగా దూసుకుపోతే దాని దారి పొడవునా గాలి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, ఆ అయాన్ల చుట్టూ ఆల్కహాల్ బిందువులు కడతాయి. మనకు కనిపించేది కణం కాదు, అది నడిచిన దారి. 1911లో సీటీఆర్ విల్సన్ ఈ పద్ధతితో కణాల దారుల్ని ఫొటో తీశాడు, 1927లో నోబెల్ వచ్చింది. ఆయనది పిస్టన్‌తో గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసే రకం, క్షణకాలమే పనిచేసేది. మనం కట్టేది ఆపకుండా నడిచే డిఫ్యూజన్ రకం.

చల్లదనానికి కోఠి గుజరాతీ గల్లీలో, ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే చోట, పెల్టియర్ మాడ్యూళ్ళు (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి ఇంకో వైపు వేడెక్కే పలకలు) కొన్నా, టీఈసీ1-12706, నాలుగు సెంటీమీటర్ల చదరం. షాపులో అబ్బాయి చూసి "మినీ కూలర్ చేస్తున్నవా అన్నా? రెండు తీస్కో, ఒకదాని మీద ఒకటి పెడ్తే మస్తు సల్లగైతది" అన్నాడు. సరిగ్గా అదే మన డిజైన్. కాకపోతే రెండింటికీ ఒకే వోల్టేజీ ఇస్తే పని జరగదు. పక్క బ్లాకులో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు వచ్చి చూసి "పైదానికి అయిదు వోల్టులే ఇవ్వవయ్యా, అది తోడే వేడి, అది తినే కరెంటు, రెండూ కిందిదే మొయ్యాలి" అన్నారు. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే పెట్టె) ఇందుకు చక్కగా సరిపోయింది: పసుపు వైరు పన్నెండు వోల్టులు, ఎరుపు అయిదు, పచ్చ వైరును నల్లదానికి కలిపితే ఆన్ అవుతుంది. కింది మాడ్యూల్ అడుగున వాటర్ బ్లాక్, దానికి అక్వేరియం పంపు, బకెట్‌లో ఐసు నీళ్ళు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను గాలితో ఈ పని అయ్యే అవకాశమే లేదు, ఫిబ్రవరి రాత్రుల్లో కూడా ఐసు నీళ్ళుంటేనే హాయిగా నడుస్తుంది.

మెటీరియల్ సంగతులు కొన్ని, ఎవరైనా కట్టాలనుకుంటే పనికొస్తాయి. ఆల్కహాల్ అంటే మొబైల్ రిపేరు వాళ్ళు వాడే 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తెచ్చుకోండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం దాంట్లో నీళ్ళుంటాయి, ప్లేటు మీద మంచు పేరుకుంటుంది. డబ్బా గాజుదే ఉండాలి, అక్రిలిక్ అయితే ఆల్కహాల్ తగిలి పగుళ్ళు వస్తాయి. నాకు అక్వేరియం షాపతను నాలుగు గాజు ముక్కలు సిలికాన్‌తో అతికించి ఇచ్చాడు. మూతకు ఫెల్ట్ గుడ్డ బిగించడానికి జిగురు పనికిరాదు, కరిగి కారుతుంది, లోపలొకటి బయటొకటి చిన్న మాగ్నెట్లు పెడితే గట్టిగా పట్టుకుంటాయి. అడుగున అల్యూమినియం ప్లేటుకు మార్కర్ నలుపు వేస్తే ఆల్కహాల్‌కి పోతుంది, బైక్ సైలెన్సర్లకు కొట్టే మ్యాట్ బ్లాక్ స్ప్రే కొట్టి బాగా ఆరనిచ్చా. ఆల్కహాల్ ఆవిరి మండుతుంది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను డబ్బాకు దూరంగా, కిటికీ తెరిచి పెట్టడం తప్పనిసరి.

మొదటి గీతలు

ప్లేటు చల్లదనం కొలిచే థర్మోకపుల్ మైనస్ 31 దగ్గర ఆగింది. లైట్లన్నీ ఆర్పేసి, ఎల్‌ఈడీ టార్చిని పక్క నుంచి ప్లేటుకు దాదాపు సమాంతరంగా పెట్టా. మొదట్లో సన్నటి తుంపర రాలుతున్నట్టు తప్ప ఏమీ ఉండదు, ఓపిక పట్టాలి. డబ్బాలో గాలి కుదుటపడ్డాక ఒక సన్న గీత ప్లేటు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పడింది, రెండు సెకన్లు ఉండి కిందికి జారిపోయింది. తర్వాత ఇంకొకటి, కాస్త వంకరగా.

అలాంటి తిన్నటి గీతల్లో చాలావరకు మ్యువాన్లు, ఎలక్ట్రాన్ లాంటివే గానీ దానికన్నా బరువైన కణాలు. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు పై వాతావరణంలో గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి, దాదాపు కాంతి వేగంతో కిందికి దిగుతాయి. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. వీటి సగటు జీవితం 2.2 మైక్రోసెకన్లే, ఆ లెక్కన ఆరేడు వందల మీటర్లకు మించి రాకూడదు. అయినా పది పదిహేను కిలోమీటర్లు దాటి మా టేబుల్ దాకా వస్తున్నాయంటే, అంత వేగంలో వాటి గడియారం మనకు నెమ్మదిగా నడుస్తున్నట్టు ఉండటమే కారణం. ఐన్‌స్టైన్ సాపేక్షతకు ఇంత చవకైన సాక్ష్యం ఇంకొకటి నాకు తెలియదు. మా ఇంటికి దగ్గర్లోనే ఈసీఐఎల్ వైపు టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది, కాస్మిక్ కిరణాల్లాంటి వాటిని కొలిచే పరికరాల్ని పెద్ద పెద్ద బెలూన్లకు కట్టి ఆకాశంలోకి పంపిన చోటు. ఈ సంగతి మా కాలనీలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

బెలూన్ ప్రయోగం

సూర్యుడికి కావలసిన రెండు వింతల్లో మొదటిది ఇక్కడ దొరుకుతుంది.

హైదరాబాద్ అంటేనే గ్రానైటు. గ్రానైటులో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి, యురేనియం నుంచి మెట్లు దిగుతూ వచ్చేది రేడాన్ అనే వాయువు, నేల నుంచీ రాతి నుంచీ గదుల్లోకి చేరుతుంది. అది క్షీణించి ఇచ్చే పొలోనియం, సీసం లాంటివి దుమ్ముకు అంటుకుంటాయి. కాబట్టి చేయాల్సింది ఇంతే: బెలూన్ ఊది, ఉన్ని గుడ్డతో బాగా రుద్ది, కింది అంతస్తులో మూసి ఉన్న స్టోర్ రూములో గంటసేపు వేలాడదీయాలి. స్థిర విద్యుత్తు ఆ దుమ్మును లాక్కుంటుంది. తర్వాత గాలి తీసి, ఆ రబ్బరును డబ్బాలో ఒక మూల పెట్టాలి.

మేనకోడలు బెలూన్ లోపల పెట్టి మూత వేసిన కాసేపటికే గీతలు మొదలయ్యాయి, ఇవి మ్యువాన్లలా సన్నగా లేవు. పొట్టిగా, లావుగా, తెల్లగా, బెలూన్ నుంచి అన్ని వైపులకూ. ఒక్కొక్కటి పుట్టగానే గట్టిగా మెరిసి, అంచులు విచ్చుకుని మెల్లగా కరిగిపోతుంది. ఇవి ఆల్ఫా కణాలు: రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల కట్ట. పొలోనియం-218 నుంచి వచ్చేవి 6 ఎంఈవీ, పొలోనియం-214వి 7.7. గాలిలో సుమారు అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు పోతాయి కాబట్టి మా నాలుగు సెంటీమీటర్ల ప్లేటు మీద కొన్ని చివరి దాకా కనిపించవు. అరగంట, ముప్పావుగంటకు సగానికి సగం తగ్గిపోతున్నాయి, రేడాన్ నుంచి పుట్టే ఈ పదార్థాల అర్ధాయువులు (ఉన్నదాంట్లో సగం క్షీణించడానికి పట్టే కాలం) నిమిషాల్లోనే ఉంటాయి మరి.

ఈ ఆల్ఫా బయటికి ఎలా వచ్చిందన్నది అసలు విషయం. కేంద్రకం లోపల దాన్ని పట్టి ఉంచే గోడ దాని శక్తికి అందనంత ఎత్తు. పాత భౌతికశాస్త్రం ప్రకారం ఎప్పటికీ దాటలేదు. 1928లో జార్జ్ గామో చెప్పింది ఏంటంటే, క్వాంటమ్ లెక్కలో అది గోడ ఎక్కక్కర్లేదు, గోడకు అవతల కనబడే అవకాశం దానికి ఎప్పుడూ కొంచెం ఉంటుంది, సున్నా మాత్రం కాదు. దీన్నే టన్నెలింగ్ అంటారు. డబ్బాలో కనిపించే ప్రతి లావు గీతా ఆ గోడ అవతలికి వచ్చిన ఒక కణం.

మరుసటి ఏడాది 1929లో అట్కిన్సన్, హౌటర్‌మాన్స్ ఇద్దరూ దీన్నే తిరగేసి సూర్యుడికి పెట్టారు. బయటికి రాగలిగితే లోపలికీ పోగలగాలి కదా. సూర్యుడి నడిబొడ్డులో వేడి కోటీ యాభై లక్షల డిగ్రీలు, వినడానికి చాలా పెద్ద అంకె, కానీ అక్కడ ప్రోటాన్‌కి ఉండే సగటు శక్తి రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టులే. రెండు ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసేసుకునే గోడ దానికి వందల రెట్లు ఎత్తు. వేడి ఒక్కదాంతో అయితే సూర్యుడు వెలగడు. టన్నెలింగ్ ఉంది కాబట్టే వెలుగుతున్నాడు.

ఇంకో మాట ఇక్కడే రాయాలి. ఆల్ఫా కణం ఆగిపోయాక రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుని హీలియం పరమాణువు అవుతుంది. సూర్యుడు చివరికి తయారుచేసేదీ అదే. హీలియం కథ మన తెలుగు నేల మీద నుంచే మొదలైంది: 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ బందరులో, సూర్యుడి అంచు వెలుగును స్పెక్ట్రోస్కోపుతో చూశారు. ఆ వెలుగులో ఉన్న పసుపు గీత సోడియం గీతకు పక్కనే ఉంది గానీ సోడియంది కాదని అదే ఏడాది ఇంగ్లండ్‌లో లాక్యర్ గమనించాడు. భూమ్మీద అది 1895లో రామ్సేకి దొరికింది, యురేనియం ఖనిజంలో. ఆ ఖనిజంలో చిక్కుకున్న హీలియం మన డబ్బాలో గీతలు గీస్తున్న ఆల్ఫాలే.

పొటాష్

రెండో వింత కోసం ఎరువుల దుకాణానికి వెళ్ళాలి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, రైతులు ఎర్ర పొటాష్ అంటారు. పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటికి కాస్త ఎక్కువ పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది, అర్ధాయువు 125 కోట్ల ఏళ్ళు. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 క్షీణతలు. భయపడాల్సిన పనేం లేదు, మన ఒంట్లో ఉన్న పొటాషియంలోనే సెకనుకు నాలుగు వేలకు పైగా జరుగుతుంటాయి. పలచటి కాగితం పొట్లంలో చెంచాడు పొటాష్ పరిచి డబ్బా అంచున పెట్టాం.

గీతలు సన్నగా, తెగి తెగి, తిన్నగా పోకుండా మలుపులు తిరుగుతూ వచ్చాయి. ఇవి ఎలక్ట్రాన్లు, తేలికవి కాబట్టి దేన్ని తాకినా దారి మారుతుంది. మేనకోడలు చాలాసేపు చూసి అడిగింది: "ఈ ఎలక్ట్రాన్ పొటాషియం కేంద్రకంలో ముందు నుంచీ ఉందా మామా?"

లేదు. ఆ క్షణాన పుట్టింది. లోపల ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారింది, లెక్క సరిపోవడానికి ఒక ఎలక్ట్రాన్, ఒక యాంటీన్యూట్రినో పుట్టి బయటపడ్డాయి. ఒక రకం కణం ఇంకో రకంగా మారిపోవడం: ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ కట్టి ఉంచే బలమైన కేంద్రక బలం ఈ పని చేయలేదు, విద్యుదయస్కాంత బలమూ చేయలేదు. ప్రకృతిలో దీన్ని చేయగలిగేది ఒక్క బలహీన కేంద్రక బలమే. పేరుకు తగ్గట్టే అది అరుదుగా పనిచేస్తుంది. 1934లో ఫెర్మీ దీనికి సిద్ధాంతం రాశాడు.

పొటాషియం-40 క్షీణతల్లో 89 శాతం దాకా ఇలా న్యూట్రాన్ ప్రోటాన్ అయ్యే దారిలోనే పోతాయి. మిగిలిన 11 శాతంలో పని తిరగబడుతుంది, ప్రోటాన్ తన పరమాణువులోని ఒక ఎలక్ట్రాన్‌ని మింగి న్యూట్రాన్ అవుతుంది. లక్షకు ఒకసారి మాత్రం ఎలక్ట్రాన్‌ని మింగకుండా పాజిట్రాన్‌ని (ధనావేశమున్న ఎలక్ట్రాన్ అన్నమాట) బయటికి విసిరి న్యూట్రాన్ అవుతుంది. ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారడం, పాజిట్రాన్ బయటికి రావడం: సూర్యుడి మొదటి మెట్టు ఇదే. ఎరువు బస్తాలో కూడా జరుగుతోంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు ఢీకొని, టన్నెలింగ్ పుణ్యాన గోడ దాటి ఒకదాన్నొకటి తాకాయనుకుందాం. రెండు ప్రోటాన్ల జంట అనేది నిలవదు, అలాంటి కేంద్రకం ప్రకృతిలో లేదు, తాకిన మరుక్షణం విడిపోతాయి. నిలవాలంటే తాకి ఉన్న ఆ లిప్తపాటులోనే ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారాలి, బలహీన బలం సరిగ్గా అప్పుడే పనిచేయాలి. మారితే డ్యూటీరియం: ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్. దాదాపు ఎప్పుడూ మారదు. సూర్యుడి నడిబొడ్డులో ఒక ప్రోటాన్ సెకనుకు లెక్కలేనన్ని సార్లు మిగతావాటితో ఢీకొంటూ కూడా ఈ ఒక్క మెట్టు ఎక్కడానికి సగటున 900 కోట్ల ఏళ్ళ పైన తీసుకుంటుంది. అందుకే సూర్యుడు బాంబు కాదు. బాంబులో ఈ మెట్టే లేదు, అక్కడ న్యూట్రాన్లు ముందే ఉన్న డ్యూటీరియం, ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్ రకాలు వాడతారు, బలమైన బలం ఒక్కటే పని కానిచ్చేస్తుంది.

ఇది ఎంత నిదానమో చెప్పడానికి నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది: సూర్యుడి నడిబొడ్డులో ఒక ఘనపు మీటరులో పుట్టే వేడి మూడు వందల వాట్లు కూడా ఉండదు. అంతే పరిమాణానికి లెక్కేస్తే మన శరీరం దానికన్నా ఎక్కువ వేడి పుట్టిస్తుంది. సూర్యుడు అంత ప్రకాశంగా ఉండటానికి కారణం వేగం కాదు, పరిమాణం. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారినా ఉన్న నిల్వలో అది లెక్కలోకి రాదు.

బోర్డు పని

ప్లైవుడ్ షీటు మీద ఎరుపు ఎల్‌ఈడీలు ప్రోటాన్లు, నీలం న్యూట్రాన్లు, పసుపు పాజిట్రాన్, తెలుపు న్యూట్రినో, ఆకుపచ్చ గామా కిరణం. వెనక వీటిని వెలిగించి ఆర్పే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డునో నానో, కింద శక్తి కూడుతూ పోయే చిన్న డిస్‌ప్లే. సోల్డరింగ్ అంతా మేనకోడలే చేసింది, నేను రెసిస్టర్లు అందించా.

మొదటి మెట్టు: రెండు ఎరుపులు కలిసి ఒక ఎరుపు ఒక నీలం అవుతాయి, పసుపు, తెలుపు బయటికి. ఇక్కడ 0.42 ఎంఈవీ, పాజిట్రాన్ వెంటనే ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమై ఇచ్చే 1.02 కలిపితే 1.44. రెండో మెట్టు: డ్యూటీరియానికి ఇంకో ప్రోటాన్ తగిలి హీలియం-3 (రెండు ప్రోటాన్లు, ఒక న్యూట్రాన్), గామాతో 5.49. ఈ మెట్టుకు బలహీన బలం అక్కర్లేదు, అందుకే కొద్ది సెకన్లలోనే అయిపోతుంది. ఇవి రెండేసి సార్లు జరిగాక మూడో మెట్టు: రెండు హీలియం-3లు కలిసి హీలియం-4, రెండు ప్రోటాన్లు తిరిగి బయటికి, 12.86. మొత్తం కలిపి డిస్‌ప్లే 26.73 దగ్గర ఆగాలి. ఈ దారిని 1938లో బేతే, క్రిచ్‌ఫీల్డ్ లెక్కగట్టారు, బేతేకి 1967లో నోబెల్ వచ్చింది. సూర్యుడిలో ఇంకా పక్కదారులున్నాయి, కార్బన్-నైట్రోజన్ చక్రం కూడా ఉంది, కానీ బోర్డు మీద అన్నీ పెడితే పిల్లలకు దారి తప్పుతుంది, ప్రధానమైనది ఒక్కటే ఉంచా.

శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో బోర్డు అంచున రాశాం. నాలుగు హైడ్రోజన్ల బరువు పరమాణు కొలతలో 4.0313, ఒక హీలియం 4.0026. నూటికి 0.7 తగ్గింది. కిలో హైడ్రోజన్ అంటే ఏడు గ్రాములు, ఆ ఏడు గ్రాములు 17 కోట్ల యూనిట్ల కరెంటుకు పైమాటే. 1920లో ఆస్టన్ బరువులు కొలిచి ఈ తేడా బయటపెట్టిన వెంటనే, సూర్యుడి ఇంధనం ఇదేనని ఎడింగ్టన్ అన్నాడు. అప్పటికి న్యూట్రాన్ దొరకలేదు, టన్నెలింగ్ తెలియదు, అయినా అన్నాడు.

టైమింగ్ దగ్గర మాత్రం చాలాసేపు చర్చ నడిచింది. రెండో మెట్టుకు నిజంగా పట్టే కొద్ది సెకన్లు బోర్డు మీద అలాగే ఉంచితే, మొదటి మెట్టు బల్బు మన జన్మలో వెలగదు. రెండింటికీ ఒకే వేగం పెడదామంటే చెప్పదలచుకున్నదే పోతుంది. చివరికి దారి మేనకోడలే చెప్పింది: మొదటి మెట్టు తనంతట తాను వెలగదు, దానికొక పెద్ద ఎర్ర బటన్, పైన "900 కోట్ల ఏళ్ళు దాటించు" అని రాత. నొక్కితేనే ముందుకు పోతుంది, మిగతా మెట్లు వాటంతట అవే నడుస్తాయి. ఈ బోర్డు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

సైన్స్ డే

ఆ రోజుకు డ్రై ఐస్ తెప్పించి పెద్ద ప్లేటు పెట్టాం, మైనస్ 78 డిగ్రీలు, వెడల్పు ఎక్కువ కాబట్టి ఆల్ఫా గీతలు మొదలు నుంచి చివరి దాకా కనిపించాయి. డ్రై ఐస్ ముట్టుకునేటప్పుడు మందపాటి గ్లోవ్స్, గది తలుపులు తెరిచి ఉంచడం, గాలి పోని డబ్బాలో మాత్రం ఎప్పుడూ మూయకపోవడం, ఈ మూడూ పిల్లలకు ముందే చెప్పాం. కమ్యూనిటీ హాలులో కర్టెన్లు వేసి ఆరుగురు ఆరుగురుగా పంపాం, పెద్దవాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు.

ఒక అబ్బాయి అడిగాడు: "అంకుల్, నీళ్ళలో హైడ్రోజన్ ఉంది కదా, మరి మనం కూడా అట్ల ఫ్యూజన్ చేసి కరెంటు తీయొచ్చు కదా?" చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే జవాబు మళ్ళీ ఆ మొదటి మెట్టు దగ్గరికే వస్తుంది. మామూలు హైడ్రోజన్‌తో భూమ్మీద ఎవరూ ప్రయత్నించడం లేదు, 900 కోట్ల ఏళ్ళు ఎవరు ఆగుతారు? న్యూట్రాన్ ముందే లోపల ఉన్న డ్యూటీరియాన్ని తీసుకుంటారు. నీళ్ళలో ప్రతి 6,400 హైడ్రోజన్లలో సుమారు ఒకటి అదే. మన మణుగూరులోని భారజల కర్మాగారం చేసేది ఆ డ్యూటీరియం నీళ్ళను వేరుచేయడమే, రియాక్టర్ల కోసం. అది నక్షత్రాల్లో తయారైనది కూడా కాదు, నక్షత్రాలు దాన్ని మండించేస్తాయి, మిగలనివ్వవు. విశ్వం పుట్టిన మొదటి కొద్ది నిమిషాల్లో, న్యూట్రాన్లు ఇంకా విడిగా తిరుగుతున్నప్పుడు అతుక్కుని మిగిలిపోయినది. గోదావరి నీళ్ళలో ఉన్నదీ, మన గ్లాసులో ఉన్నదీ అదే.

డ్యూటీరియం, ట్రిటియం కలిస్తే 17.6 ఎంఈవీ వస్తుంది, అందులో 14.1 న్యూట్రాన్ ఎత్తుకుపోతుంది. ఇబ్బంది ఏంటంటే సూర్యుడిలో ఉన్న సాంద్రత మన దగ్గర లేదు, అందుకని వేడి పది కోట్ల డిగ్రీలు దాటాలి, అంత వేడి ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు) అయస్కాంతాలతో గోడలకు తగలకుండా పట్టి ఉంచాలి. గాంధీనగర్ దగ్గర మన ప్లాస్మా పరిశోధన సంస్థలో అలా పట్టి ఉంచే యంత్రం, ఆదిత్య టోకమాక్, 1989లో మొదలైంది, ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఐటర్ అనే పెద్ద టోకమాక్‌లో మన దేశం భాగస్వామి. అమెరికాలో 2022 డిసెంబరులో లేజర్లతో 2.05 మెగాజూళ్ళు పెట్టి 3.15 మెగాజూళ్ళు రాబట్టారు, లేజర్లు తినే కరెంటు లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా దూరం ఉంది. ఆ అబ్బాయికి ఇవన్నీ చెప్పాక వాడు వెళ్ళి ఎర్ర బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

తర్వాత పని

పాజిట్రాన్ గీత కోసం ప్రయత్నించాలి. 1932లో ఆండర్సన్ పాజిట్రాన్‌ని పట్టుకున్నది క్లౌడ్ చాంబర్‌లోనే, అయస్కాంతంలో ఎలక్ట్రాన్‌కి వ్యతిరేక దిశలో వంగడం చూసి. మా పొట్లంలో పది గ్రాముల పొటాషియం ఉందనుకుంటే సెకనుకు మూడు వందల పైచిలుకు క్షీణతలు, లక్షకు ఒకటి లెక్కన అయిదారు నిమిషాలకు ఒక పాజిట్రాన్ పుడుతుంది, చాలావరకు పొట్లంలోనే ఆగిపోతాయి. బయటపడినవాటినీ ఎదురు దిశలో వచ్చే ఎలక్ట్రాన్ నుంచి వేరుచేయాలంటే గీత పొట్లం దగ్గరే మొదలైందని ఖాయంగా తెలియాలి. అందుకని ప్లేటు కింద నియోడిమియం మాగ్నెట్లు, పొట్లానికి సన్న చీలిక ఉన్న సీసపు రేకు అడ్డం, పైన ఫోన్ స్టాండ్ పెట్టి రాత్రంతా వీడియో. మాగ్నెట్లు ఆర్డర్ పెట్టా. వీడియోలు చూసి గీతలు వేరుచేసే పని మేనకోడలిది, ఏ వైపు వంగితే ఎలక్ట్రాన్, ఏ వైపు వంగితే పాజిట్రాన్ అని పట్టిక గీసి పెట్టుకుంది. వార్షిక పరీక్షలు అయ్యాక మొదలుపెడతాం, అప్పటికి ఎండలు ముదురుతాయి కాబట్టి ఐసు ఎక్కువ కావాలి.